నిండు కుండా? మూత పెట్టిన కుండా?

ఈ సంచిక తిరగేస్తే రాజకీయాల మీద వ్యాసాలుంటాయి, నిరుద్యోగం మీద ఆవేదన ఉంటుంది, పరీక్షల పద్ధతి మీద విసుర్లుంటాయి, నాలుగైదు కవితలు తప్పకుండా ఉంటాయి. వీటి మధ్యన జపాను వాళ్ళ మాజాంగ్ ఆట గురించి ఒక వ్యాసమేమిటని మాస్టార్లు కళ్ళజోడు సవరించుకోవచ్చు. "యూనియన్ పుస్తకంలో జూదం గురించా?" అని అడిగే పూర్వ విద్యార్థులూ ఉండొచ్చు. వారికి నా మనవి ఒక్కటే. నేను రాస్తున్నది పందెం గురించి కాదు. ఆ దేశంలోనే 2018లో మొదలైన ఎమ్. లీగ్ అనే వృత్తి ఆటగాళ్ళ పోటీ, ఆటగాళ్ళు జూదం జోలికి పోకూడదన్న షరతు మీద నడుస్తోంది. నేను రాస్తున్నది ఆ ఆటలో ప్రతి పూటా ఎదురయ్యే ఒక చిన్న ప్రశ్న గురించి. గెలుపు ఇక ఒక్క అడుగు దూరంలో ఉందనుకోండి. ఆ సంగతి బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకు చెప్పాలా, గుట్టుగా దాచుకోవాలా?

ప్రశ్న చిన్నదే గాని, దానికి చాలామంది ఇచ్చే జవాబు ఆటను చూసి ఇచ్చేది కాదు. తమ స్వభావాన్ని బట్టి ఇచ్చేది. జంకేవాడు దాస్తాడు, దూకుడువాడు చెప్పేస్తాడు. ఆ తరవాత ఇద్దరూ తమ స్వభావానికి సిద్ధాంతమని పేరు పెట్టుకుంటారు. నా ఉద్దేశంలో దాచడమంటే ఒక సరుకు కొనడం లాంటిది. దానికి వెల ఉంది. ఆ వెలకు తగిన సరుకు చేతికి వస్తోందని లెక్క తేలితేనే దాచాలి. తేలకపోతే చెప్పెయ్యడమే మేలు. ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే ముందు ఆట గురించి నాలుగు ముక్కలు చెప్పక తప్పదు.

పదమూడు ముక్కల రమ్మీ తెలిసినవాళ్ళకు మాజాంగ్ సగం తెలిసినట్టే. పేక బదులు బిళ్ళలు, మొత్తం 136. వాటిలో 34 రకాలు, రకానికి నాలుగేసి. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలున్న జాతులు మూడు, అవి కాక నాలుగు దిక్కుల గాలులు, మూడు డ్రాగన్‌లు. నలుగురు ఆడతారు. ఒక్కొక్కరి దగ్గర 13 బిళ్ళలుంటాయి. వంతు రాగానే గోడలోంచి ఒక బిళ్ళ తియ్యడం, ఒకటి పారెయ్యడం. వరసగానో ఒకే రకంగానో మూడేసి బిళ్ళల గుంపులు నాలుగు, ఒక జత, వెరసి 14 బిళ్ళలు కుదిరితే గెలుపు. గెలుపుకి కావలసిన బిళ్ళ ఎవరు పారేసినా దాని మీద గెలవొచ్చు. అప్పుడు పారేసినవాడొక్కడే మొత్తం పాయింట్లు కట్టుకోవాలి. తానే గోడలోంచి తీస్తే ముగ్గురూ కట్టాలి. ఇంకొక్క బిళ్ళ వస్తే చాలు అన్న స్థితిని జపాను వాళ్ళు టెన్‌పాయ్ అంటారు. రమ్మీలో "ఒక్క ముక్క కోసం చూస్తున్నా" అంటామే, అదే ఇది.

గోడలో చివరి 14 బిళ్ళలు ముట్టుకోరు. పంచినవి పోగా తియ్యడానికి మిగిలేవి 70. అంటే మనిషికి 17, 18 సార్లకు మించి వంతు రాదు. ఈలోగా ఎవరూ గెలవకపోతే ఆ ఆవృత్తి ఉత్తదే. ఈ సంఖ్యను గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఎదుటివాళ్ళు పారేసిన బిళ్ళలేవీ ఎత్తుకోకుండా, సొంతంగా తీసినవాటితోనే టెన్‌పాయ్‌కి చేరినవాడు "రీచి" అని పైకి ప్రకటించవచ్చు. పారేసే బిళ్ళను అడ్డంగా పెట్టి, 1,000 పాయింట్ల పుల్ల ఒకటి బల్ల మీద ఉంచుతాడు. అక్కణ్ణించి అతని చెయ్యి తాళం వేసినట్టే. గెలుపు బిళ్ళ వస్తే సరి, రాకపోతే తీసిన బిళ్ళ ఎంత ప్రమాదకరమైనదైనా పారెయ్యాల్సిందే. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఈ ప్రకటన జపాను ఆటకు ముఖ్య లక్షణమై, ఆటకు దాని పేరే వచ్చింది. ఇలా ప్రకటించే వీలుండి కూడా నోరు మెదపకుండా కూర్చోవడాన్ని డామాటెన్ అంటారు. డామారు అంటే వాళ్ళ భాషలో మౌనంగా ఉండడం. మౌనపు టెన్‌పాయ్ అన్నమాట.

ప్రకటిస్తే వచ్చే లాభాలేమిటి? గెలుపు విలువ ఒక మెట్టు పెరుగుతుంది. ఈ మెట్టును హాన్ అంటారు. ప్రకటించాక ఒక చుట్టు తిరిగే లోపల గెలిస్తే ఇంకొక మెట్టు. గెలిచాక, ప్రకటించినవాడికి మాత్రమే, అదృష్టపు బిళ్ళను సూచించే బిళ్ళ కింద దాగి ఉన్న రెండో సూచికను తెరిచి చూపిస్తారు. అది కలిసొస్తే ఇంకా పెరుగుతుంది. అన్నిటినీ మించి, మిగతా ముగ్గురికీ గుబులు పుడుతుంది. బాగా కుదురుతున్న చేతిని కూడా విరుచుకుని, భయం లేని బిళ్ళలు ఏరి పారేస్తారు. నష్టాలు కూడా అంతే స్పష్టం. పుల్ల పోయే ప్రమాదముంది, చెయ్యి మార్చుకునే వీలు పోతుంది, వెనక్కి తగ్గే దారి మూసుకుపోతుంది, మనకు కావలసిన బిళ్ళ పారెయ్యకుండా ఎదుటివాళ్ళు జాగ్రత్త పడతారు.

చివరి నష్టం దగ్గరే చాలామంది ఆగిపోతారు. చెబితే జాగ్రత్త పడతారు కదా, చెప్పకపోతే అమాయకంగా పారేస్తారు కదా, కాబట్టి దాచినవాడే తెలివైనవాడు, అని తేల్చేస్తారు. మన సామెతలు కూడా వీళ్ళకు వత్తాసు పలుకుతాయి. ఊరకున్నంత ఉత్తమం లేదు. నిండు కుండ తొణకదు. జపానులోనూ ఈ మోజు ఉంది. 1969లో అసాదా తెత్సుయా మాజాంగ్ హోరోకి అనే నవల ఒక వారపత్రికలో ధారావాహికగా మొదలుపెట్టాడు. యుద్ధానంతరపు తోక్యోలో జూదగాళ్ళ మధ్య తిరిగే కుర్రాడి కథ అది. 1984లో సినిమాగా కూడా వచ్చింది. ఆ రచయిత కలం పేరు వినడానికి "తెల్లవారింది, రాత్రంతా జాగారమే" అన్నట్టుంటుందని చెప్పుకుని నవ్వుకుంటారు. ముఖంలో ఏ భావమూ కనపడనివ్వని జూదగాడి మీద జనానికి ఏర్పడ్డ ఆరాధనకు అలాంటి కథలు బాగానే నీళ్ళు పోశాయి.

నిండు కుండ తొణకదన్న మాట నిజమే. కాని తొణకని ప్రతి కుండా నిండు కుండ కాదు. మూత పెట్టిన ఖాళీ కుండ కూడా తొణకదు. మన చెయ్యి నిండు కుండా, మూత పెట్టిన కుండా అన్నదే ముందు తేల్చుకోవలసింది. అదృష్టవశాత్తూ ఈ ఆటలో దానికి అంకెలున్నాయి.

సాధారణంగా వచ్చే లెక్క ఒకటి తీసుకుందాం. డీలరు కానివాడు, 30 ఫూ చేతితో, ఇతరులు పారేసిన బిళ్ళ మీద గెలిచాడు. ఒక హాన్ అయితే 1,000 పాయింట్లు. రెండయితే 2,000. మూడయితే 3,900. నాలుగయితే 7,700. ఐదు దగ్గర మాన్‌గాన్ అనే గరిమనాభి వస్తుంది, 8,000. ఆరూ, ఏడూ ఒకటే, 12,000. ఇప్పుడు రీచి అన్న ఒక్క మాట విలువెంతో చూడండి. 1,000 చెయ్యి 2,000 అవుతుంది. 2,000 చెయ్యి 3,900 అవుతుంది. 3,900 చెయ్యి 7,700 అవుతుంది. అంటే మొదటి మూడు మెట్ల మీద నోరు విప్పితే దాదాపు రెట్టింపు. కాని 7,700 చేతిని ప్రకటిస్తే వచ్చేది 8,000. తేడా 300! కొన్నిచోట్ల 7,700ను ముందే 8,000కు సవరించి లెక్కిస్తారు. అక్కడ తేడా సున్నా.

ఇంతకన్నా సూటిగా చెప్పే అంకెలు ఇంకేం కావాలి? చిన్న చెయ్యి ఉన్నవాడికి ప్రకటన వల్ల రెట్టింపు లాభం. అయినా వాడే ఎక్కువగా దాస్తాడు, ఎందుకంటే "ఇంత చిన్న చేతికి 1,000 పుల్ల పెట్టడమా" అని వాడికి జంకు. పెద్ద చెయ్యి ఉన్నవాడికి ప్రకటన వల్ల వచ్చేది స్వల్పం. అయినా వాడే ఎక్కువగా ప్రకటిస్తాడు, ఎందుకంటే పెద్ద చెయ్యి కుదిరిన ఉత్సాహం వాడి గొంతులో ఆగదు. ఇద్దరూ తలకిందులుగా ఆడుతున్నారు. 7,700 చేతికి రెండువైపుల నిరీక్షణ ఉండి, పాయింట్లు గట్టిగా కావలసి ఉంటే, అప్పుడు ఊరుకోవడానికి మంచి హక్కుంది. అది నిండు కుండ. దాన్ని తొణకనివ్వక్కర్లేదు. అక్కడ కూడా ఒక మాట మరవకూడదు: తానే గోడలోంచి తీసి గెలిచినా, దాగిన సూచిక కలిసొచ్చినా, ప్రకటించినవాడికి ఆ 8,000 కాస్తా 12,000 అయ్యే అవకాశం ఉంది. ఊరుకున్నవాడు ఆ ఆశను వదులుకుని, నిశ్చింతను కొంటున్నాడు. బేరం మంచిదే, కాని బేరమని తెలిసి చెయ్యాలి.

రెండో సంగతి. ఈ ఆటలో 14 బిళ్ళలూ కుదిరినంత మాత్రాన గెలిచినట్టు కాదు. గుర్తింపు పొందిన లక్షణం, యాకు అంటారు, ఒక్కటైనా ఉండాలి. అదృష్టపు బిళ్ళలెన్ని ఉన్నా అవి యాకు కింద రావు. రీచి అని ప్రకటించడమే ఒక యాకు. అందుచేత వేరే యాకు లేని చేతితో దాక్కున్నవాడు, ఎదుటివాడు తనకు కావలసిన బిళ్ళే పారేసినా, దాని మీద గెలవలేడు. గోడలోంచి తానే తీసుకోవాలి. కావలసిన బిళ్ళ కళ్ళముందు పడుతుంది, వాడు చూస్తూ కూర్చుంటాడు. దీన్ని గాంభీర్యమంటే నేనొప్పుకోను. దుకాణం మూసేసి లోపల కూర్చుని, కొనేవాళ్ళు రాలేదని బాధపడడం లాంటిది ఇది.

"మరి చెయ్యి మెరుగయ్యే దాకా ఆగితే?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నాలుగు, ఆరు చేతిలో ఉండి మధ్యలో ఐదు కోసం చూస్తున్నామనుకోండి. గెలిపించేవి నాలుగే బిళ్ళలు. మూడు గాని ఏడు గాని వస్తే నిరీక్షణ రెండువైపులదై, నాలుగు కాస్తా ఎనిమిది అవుతాయి. చాలా అందంగా ఉంది. కాని ఆ మూడూ, ఏడూ రావడమెంత తేలిక? ఆరో వంతు దగ్గర మన కంటికి కనపడని బిళ్ళలు సుమారు నూరుంటాయి. మెరుగుపరిచేవి, ఒక్కటీ బయటపడకపోతే, ఎనిమిది. అంటే ఒక్కో వంతుకి నూటికి ఎనిమిది. మూడు వంతులు ఆగినా నూటికి ఇరవైరెండే. ఐదింట నాలుగుసార్లు మనం ఆగి కూర్చున్న చోటనే ఉంటాం. బల్ల మీద మాత్రం పన్నెండు బిళ్ళలు దొర్లిపోయి, మిగతా ముగ్గురూ మూడడుగులు ముందుకు వేసి ఉంటారు. ఉన్నవే 17, 18 వంతులని ముందే చెప్పాను. ఆట మొదట్లో, మెరుగయ్యే దారులు చాలా ఉన్నప్పుడు, ఒకటి రెండు వంతులు ఆగడం తెలివే. దారి ఒక్కటే ఉండి, ఆశ మాత్రం పెద్దదిగా ఉంటే అది తెలివి కాదు. "ఇంకొంచెం బాగా సిద్ధమయ్యాక" అనే మాట ఎక్కడ విన్నా, ఎన్ని దారులున్నాయి, ఎన్ని వంతులు మిగిలాయి అని రెండు ప్రశ్నలు వెయ్యాలని ఈ ఆట నేర్పుతుంది.

ఇంతవరకూ దాచేవాళ్ళను దెప్పాను. ఇక రెండో పక్షం. 2004లో తోత్సుగెకి తోహోకు అనే కలం పేరు గల రచయిత "కగకు సురు మాజాంగ్" అన్న పుస్తకంలో, ఆటల లెక్కలు ముందు పెట్టి, పాతకాలపు నమ్మకాలను గట్టిగా ప్రశ్నించాడు. ముందుగా టెన్‌పాయ్ చేరినవాడు సంకోచించకుండా ప్రకటించడమే చాలా సందర్భాల్లో లాభమన్నది అందులో ముఖ్యమైన వాదం. ఆ మేలు నేను కాదనను. కాని ఏ సత్యమైనా శిష్యుల చేతిలో పడేసరికి నినాదమవుతుంది. ఇప్పుడు ఈ ఆటను ఫోనులో కూడా ఆడుకోవచ్చు. టెన్‌పాయ్ రాగానే తెర మీద రీచి మీట వెలుగుతుంది. వెలిగిందే తడవు నొక్కేస్తారు. ఎందుకు నొక్కావంటే "వెలిగింది కాబట్టి" తప్ప వేరే జవాబుండదు. భయంతో దాచేవాడికీ, అలవాటుతో నొక్కేవాడికీ నాకు తేడా కనపడదు. ఇద్దరూ ఆలోచించే శ్రమను తప్పించుకున్నవాళ్ళే.

మీట వెలగగానే నొక్కకూడని సందర్భం ఒకటి చెబుతాను. ఆఖరి ఆవృత్తి. మొదటి స్థానంలో ఉన్నవాడికి 32,000, రెండోవాడికి 30,500, మూడోవాడికి 20,000, నాలుగోవాడికి 17,500. మొదటివాడు డీలరు కాదు; చేతిలో 1,000 పాయింట్ల చిన్న చెయ్యి సిద్ధంగా ఉంది. ఎవరి మీద గెలిచినా, ఎంతకు గెలిచినా ఆట ముగుస్తుంది, అతనే ప్రథముడు. విలువ పెంచుకుని ఏం చేసుకుంటాడు? పుల్ల పెడితే మాత్రం అతని ఆధిక్యం 1,500 నుంచి 500కి పడిపోతుంది. వేరేవాడు గెలిస్తే ఆ పుల్ల కూడా వాడికే పోతుంది. పైగా చేతికి తాళం పడి, తప్పుకోవలసినప్పుడు తప్పుకోలేడు. ఎమ్. లీగ్ లెక్కలో స్థానాన్ని బట్టి వచ్చేది ప్రథముడికి 50, ద్వితీయుడికి 10. ఆ తేడా 40,000 పాయింట్లతో సమానం. ఒక్క పుల్ల కోసం అంతటిదాన్ని గాలిలో పెట్టడం సాహసమనిపించుకోదు. ఇక్కడ మౌనమే మాట.

అదే బల్ల, అదే ఆవృత్తి, నాలుగో కుర్చీ దగ్గరకు రండి. అతని దగ్గర 2,000 పాయింట్ల చెయ్యి సిద్ధంగా ఉంది. మూడో స్థానానికి 2,500 దూరం. ఊరుకుని, మొదటివాడో రెండోవాడో పారేసిన బిళ్ళ మీద గెలిస్తే 19,500 దగ్గర ఆగిపోతాడు. ఆట అయిపోయింది, తాను ఆఖరివాడే. తన చేతులతో తన ఓటమికి సంతకం పెట్టినట్టు. రీచి అంటే అదే చెయ్యి 3,900 అవుతుంది, 21,400కి చేరతాడు. ఇక్కడ నోరు విప్పకపోవడం పాపం. ఒకే సమయంలో, ఒకే బల్ల దగ్గర, ఒకరికి మౌనం ధర్మం, ఇంకొకరికి ప్రకటన ధర్మం. అందుకే "నేను మౌనంగా ఆడే రకం", "నేను ప్రకటించే రకం" అని చెప్పుకునేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. ఈ బల్ల దగ్గర రకాలు లేవు. ఎవరెక్కడ నిలబడ్డారన్నదే ఉంది.

మరొక సందర్భం కూడా ఉంది. ఎదుటివాడు ముందే ప్రకటించి కూర్చున్నాడు, మన చెయ్యి చవకది, నిరీక్షణ ఇరుకైనది. అప్పుడు మనం కూడా పుల్ల పెడితే, తీసిన ప్రతి బిళ్ళా కళ్ళు మూసుకుని పారెయ్యాలి. మన గెలుపు విలువ 2,000, అవతల పోయేది 8,000 కావచ్చు. అలాంటప్పుడు ఊరుకుని, ప్రమాదం లేనంత దూరం నడిచి, ప్రమాదమొస్తే చెయ్యి విరిచేసుకునే స్వేచ్ఛను అట్టేపెట్టుకోవడం వివేకం. దీన్ని పిరికితనమనకూడదు. పిరికివాడికీ వివేకికీ తేడా ఒకటే: ఎప్పుడు, దేన్ని చూసి వెనక్కి తగ్గుతాడో వివేకి ముందే చెప్పగలడు. పిరికివాడు తగ్గాక కారణం వెతుక్కుంటాడు.

2019లో మైక్రోసాఫ్ట్ వారి సుఫిక్స్ అనే యంత్రం, జపానులో పేరుపొందిన టెన్‌హో అనే ఆన్‌లైన్ వేదిక మీద పదో దాన్ హోదా సంపాదించింది. మనుషులకే బహు కష్టమైన హోదా అది. అది ఎప్పుడు దాచింది, ఎప్పుడు చెప్పింది అన్నది కాదు నాకు ముఖ్యం. దానికి సిగ్గు లేదు, జంకు లేదు, గంభీరంగా కనపడాలన్న కోరిక లేదు. మనం దానిలా మారిపోనక్కర్లేదు. కాని దాచబోయే ముందు ఒక్క క్షణం, "ఈ బల్ల దగ్గర నన్ను చూసేవాళ్ళెవరూ లేకపోతే ఇదే చేస్తానా?" అని అడుక్కుంటే చాలు, సగం కల్మషం దిగిపోతుంది.

నైతికంగా అభ్యంతరం చెప్పేవాళ్ళకు ఒక మాట. "దాచడమంటే మోసం కదా?" అని ఒక మిత్రుడు వాదించాడు. కాదు. ఈ ఆటలో తన చెయ్యి సిద్ధమైందని చెప్పవలసిన బాధ్యత ఎవరికీ లేదు. ఆ హక్కు నలుగురికీ సమానం. కాని చెయ్యి సిద్ధంగా ఉండి కూడా "అబ్బే, ఈసారి నాకేం కుదరడం లేదండీ" అని నిట్టూర్చడం, కావాలని తడబడినట్టు నటించడం, ఇవి మర్యాద కావు. ఇలాంటి కబుర్లకు జపాను ఆటగాళ్ళు పెట్టుకున్న పేరు షామిసెన్. మూడు తీగల వాయిద్యం అది. "షామిసెన్ వాయిస్తున్నాడు" అంటే మాటలతో పక్కదారి పట్టిస్తున్నాడని. చూశారా, ఎంత సున్నితమైన గీత గీశారో! నోరు మూసుకోవడం నీ హక్కు, నోరు తెరిచి అబద్ధమాడడం తప్పు. ఎన్నికల ముందు మన క్యాంపస్‌లో జరిగే మంతనాలకు కూడా ఈ గీత ఒకటి గీస్తే బాగుండును. ఏ ప్యానెల్‌కు ఓటేస్తావో చెప్పకపోవచ్చు. మూడు ప్యానెళ్ళ దగ్గరా మూడు మాటలు చెప్పి, ముగ్గురి దగ్గరా టీ తాగడం మాత్రం షామిసెనే.

విద్యార్థులకు ఈ చర్చతో పనేమిటంటే, మన చుట్టూ మూత పెట్టిన కుండలు చాలా ఉన్నాయి. సెమినార్లో జవాబు తెలిసీ చెయ్యెత్తనివాడు ఉన్నాడు. వాడు దాచి కొన్నదేమిటి? ఏమీ లేదు, ఒక పీరియడ్ నిశ్చింత తప్ప. పోటీ పరీక్షకు కట్టిన సంగతి రూమ్మేట్‌కి కూడా చెప్పనివాడు ఉన్నాడు, వాడికి కారణముండొచ్చు, ఊళ్ళో నలుగురూ అడిగే "ఏమైంది?" బాధ తప్పుతుంది, చదువు మీద మనసు నిలుస్తుంది. వాణ్ణి నేను తప్పు పట్టను. రాసిన కథ అట్టపెట్టెలో పెట్టి "ఇంకా మెరుగు పెట్టాలి" అని మూడేళ్ళుగా అంటున్నవాడు ఉన్నాడు. వాడికి నూటికి ఎనిమిది లెక్క చెప్పండి. ముగ్గురూ మౌనంగానే ఉన్నారు. మూడు మౌనాలూ ఒకటి కావు.

కనక నా సలహా ఇదీ. సిద్ధమైన చెయ్యిని దాచాలనిపించినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. చెప్పడం వల్ల నాకు పెరిగేదెంత? దాచడం వల్ల నాకు మిగిలే స్వేచ్ఛ ఏమిటి, దాన్ని నిజంగా వాడుకుంటానా? నేనున్న స్థానానికి ఈ గెలుపు ఇలాగే చాలునా, ఇంకా పెద్దది కావాలా? మూడింటికీ మీ దగ్గర జవాబుంటే దాచండి, ఎవరేమన్నా పట్టించుకోకండి. ఒక్కదానికైనా జవాబు దొరక్క, గొంతులో మాత్రం ఏదో అడ్డుపడుతూ ఉంటే, అది వ్యూహం కాదు, జంకు. పుల్ల తీసి బల్ల మీద పెట్టండి. పోతే 1,000 పోతుంది. గోడలో ఇంకా బిళ్ళలున్నాయి, ఆట ఇంకా ఉంది.